కంప్యూటర్ సంగీత సదస్సు: అపోహలు - వాస్తవాలు

ఇంటర్నేషనల్ కంప్యూటర్ మ్యూజిక్ కాన్ఫరెన్స్‌ను మా రంగంలో అందరూ ఐసీఎంసీ అంటారు. 1974లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో మొదలైన ఈ సదస్సు, ఆ తరువాత పారిస్, టోక్యో, బీజింగ్, హవానా, సింగపూర్, సియోల్ వంటి నగరాలకు మారుతూ సాగుతోంది. సౌండ్ సింథసిస్ (యంత్రంతో శబ్దాన్ని పుట్టించడం) మీద పరిశోధన చేస్తూ, అదే పరికరాలతో స్వరరచన కూడా చేసే నాకు, విద్యార్థుల నుంచీ సంగీత విద్వాంసుల నుంచీ దీని గురించి కొన్ని అపోహలు తరచూ ఎదురవుతుంటాయి. వాటిలో ముఖ్యమైనవాటికి ఇక్కడ వివరంగా జవాబిస్తున్నాను.

అపోహ: కృత్రిమ మేధతో పాటలు తయారుచేయడమే కంప్యూటర్ సంగీతం.

వాస్తవం: ఈ రంగం వయసు దాదాపు డెబ్భై ఏళ్లు. 1957లో బెల్ ల్యాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్ రాసిన మ్యూజిక్ అనే ప్రోగ్రాంతో ఐబీఎం 704 యంత్రం 17 సెకన్ల చిన్న రచనను వినిపించింది. ఇంచుమించు అదే సమయంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో లెజారెన్ హిల్లర్, లియోనార్డ్ ఐజాక్‌సన్ ఇలియాక్ కంప్యూటర్‌కు నియమాలు ఇచ్చి ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌ను (నాలుగు తీగ వాద్యాల రచనను) కూర్చారు. దానిని వాయించింది మాత్రం నలుగురు మనుషులే. కాబట్టి స్పీకర్ నుంచి వచ్చేది మాత్రమే కంప్యూటర్ సంగీతం అనుకోవడం కూడా సరికాదు. మెషీన్ లెర్నింగ్ పత్రాలు ఇప్పుడు సదస్సుకు వస్తున్నమాట నిజమే, అయితే కొత్త వాద్యాల రూపకల్పన, ప్రత్యక్ష కచేరీలో శబ్దాన్ని మార్చే పద్ధతులు, హాలులో శబ్దాన్ని నలుదిక్కులా నడిపించే ఏర్పాట్లు వంటివి కూడా అంతే శ్రద్ధగా చర్చకు వస్తాయి.

అపోహ: ఇది ఇంజనీర్ల సదస్సు, కచేరీలు అలసట తీర్చుకోవడానికే.

వాస్తవం: పరిశోధన పత్రాలకు ఎలా ఆహ్వానం వస్తుందో, రచనలకూ అలాగే విడిగా ఆహ్వానం వస్తుంది, నిపుణులు విని ఎంపిక చేస్తారు. పొద్దున ఒక పత్రంలో విన్న పద్ధతి నిజంగా సంగీతానికి పనికివస్తుందో లేదో రాత్రి కచేరీలో తేలిపోవడం ఈ సదస్సు ప్రత్యేకత, నా దృష్టిలో దీని ప్రాణం కూడా అదే. ఎఫ్ఎం సింథసిస్ (ఒక కంపనంతో మరో కంపనపు వేగాన్ని మారుస్తూ నాదం పుట్టించే పద్ధతి) పుట్టుకే ఇందుకు సాక్ష్యం. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో స్వరకర్త జాన్ చౌనింగ్ ఒక స్వరానికి వైబ్రాటో (స్వరపు ఊపు) వేగాన్నీ లోతునూ పెంచుకుంటూ పోయినప్పుడు, ఒక దశ దాటాక ఊపు వినిపించడం ఆగి, నాదం స్వభావమే మారిపోయినట్టు ఆయన చెవి పట్టుకుంది. గణిత వివరణ ఆ తరువాత కుదిరింది, పత్రం 1973లో వెలువడింది. ఆ పద్ధతికి లైసెన్సు తీసుకున్న యమహా 1983లో డీఎక్స్7 కీబోర్డును విడుదల చేసింది.

అపోహ: రచన ముందే రికార్డయి ఉంటుంది కనుక కచేరీలో మీట నొక్కితే చాలు.

వాస్తవం: రికార్డయిన రచనకు కూడా ప్రదర్శన ఉంటుంది. స్టూడియోలో చెవికి రెండు గజాల దూరంలో ఉన్న స్పీకర్లతో సరిచూసుకున్న శబ్దం, ప్రతిధ్వని ఎక్కువగా ఉన్న హాలులో గుర్తుపట్టలేనంతగా మారిపోవచ్చు. అందుకే రిహార్సల్‌లో స్వరకర్త ముందు వరుస నుంచి చివరి వరుస దాకా నడుస్తూ వింటాడు. వెనక జత స్పీకర్లను కాస్త తగ్గిస్తాడు, సన్నని శబ్దాలు మధ్యలో కూర్చున్నవారికి మాత్రమే చేరుతున్నాయేమో చూసుకుంటాడు. కచేరీ సమయంలో మిక్సర్ ముందు కూర్చుని, ఏ ఘట్టాన్ని ఏ స్పీకర్లకు ఎంత పంపాలో ఫేడర్లతో అప్పటికప్పుడు నిర్ణయించే సంప్రదాయం కూడా ఉంది. 1974లో పారిస్‌లో ఫ్రాన్సువా బేల్ నిర్మించిన అకూస్మోనియం అనే స్పీకర్ల బృందం సరిగ్గా ఈ పనికోసమే.

అపోహ: లెక్క సరిపోతే శ్రుతి దానంతటదే సరిపోతుంది.

వాస్తవం: దీనికి నాకెంతో ఇష్టమైన ఉదాహరణ 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రచురించిన తీగ నాదపు పద్ధతి. వంద యాదృచ్ఛిక సంఖ్యలను వరుసగా పెట్టి, ఆ వరుసను మళ్లీ మళ్లీ చదువుతూ, చదివిన ప్రతి సంఖ్య స్థానంలో దానికీ పక్కదానికీ సగటును రాస్తూ పోవాలి. మొదట బుస్సుమన్న శబ్దం చూస్తుండగానే తీగ మీటిన నాదంగా మారి, నెమ్మదిగా సన్నగిల్లుతుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దాన్ని సూచించే సంఖ్యల) చొప్పున వినిపిస్తే, సగటు వల్ల కలిసే అర శాంపిల్ ఆలస్యంతో కలిపి 44,100ను 100.5తో భాగించాలి, నాదపు స్థాయి (పిచ్, అంటే సెకనుకు కంపనాల లెక్క) సుమారు 438.8 హెర్ట్జ్ వస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ వరుసలో సంఖ్యల లెక్క పూర్ణాంకంగానే ఉండాలి కదా. పై స్థాయిలో 25 సంఖ్యల వరుస 1,729 హెర్ట్జ్ ఇస్తే, 24 సంఖ్యల వరుస ఏకంగా 1,800కు దూకుతుంది. ఈ రెండింటి మధ్య దాదాపు 69 సెంట్ల ఎడం ఉంది, అంటే ఒక సెమీటోన్‌లో (హార్మోనియంలో పక్కపక్క మెట్ల ఎడం, 100 సెంట్లు) మూడింట రెండు వంతుల పైమాటే. ఆ మధ్యలోని స్వరాలేవీ పలకవు. శ్రుతి తెలిసిన చెవి దీనిని ఒక్క క్షణం కూడా భరించలేదు. స్వరకర్త డేవిడ్ జాఫ్, సిగ్నల్ ప్రాసెసింగ్ పరిశోధకుడు జూలియస్ స్మిత్ అదే ఏడాది ఆల్‌పాస్ ఫిల్టర్ (శబ్దపు బలాన్ని మార్చకుండా ఆలస్యాన్ని మాత్రమే మార్చే లెక్క) చేర్చి, శాంపిల్‌లో భిన్నభాగం మేర ఆలస్యాన్ని సాధించి ఈ లోటు తీర్చారు.

అయినా ఆ తీగ మన తంబురాలా పలకదు, ఎందుకంటే అందులో జీవాళి (బ్రిడ్జి వల్ల తీగకు వచ్చే జుమ్మనే నాదం) లేదు. 1921లో సి.వి. రామన్ తంబురా, వీణల బ్రిడ్జి గురించి రాస్తూ, సిద్ధాంతం ప్రకారం వినిపించకూడని ఓవర్‌టోన్లు (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) కూడా ఆ వాద్యాల్లో బలంగా వినిపిస్తాయని చూపించారు. వెడల్పాటి వంపు బ్రిడ్జిని తీగ తాకుతూ విడుస్తూ ఉండే ఆ తీరును ప్రోగ్రాంలో సరిగ్గా పలికించడం నేటికీ ఓపిక కోరే పని.

అపోహ: గమకాలున్న మన సంగీతానికి ఇక్కడ చోటు లేదు.

వాస్తవం: ఈ భయానికి మూలం మిడి, అంటే వాద్యాలూ కంప్యూటర్లూ స్వరాలను ఒకదానికొకటి పంపుకునే ప్రమాణం. 1983లో వచ్చిన ఆ ప్రమాణం స్వరాన్ని 0 నుంచి 127 వరకు ఒక సంఖ్యగా చూస్తుంది. తోడి రాగంలో గాంధారం అలా ఒకచోట నిలవదు, ఊగడమే దాని రూపం. అయితే మిడి మా రంగంలో ఒక పరికరం మాత్రమే. సీసౌండ్‌లోనో ప్యూర్ డేటాలోనో (రెండూ శబ్దాన్ని కూర్చే సాఫ్ట్‌వేర్లు) స్థాయిని ఎడతెగని గీతగా ఇచ్చి ఆ ఊపును యథాతథంగా రాయవచ్చు. పరిశోధన సంగతికి వస్తే, బార్సిలోనాలో షావియర్ సెర్రా నడిపిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలను తన ప్రధాన విషయాల్లో చేర్చుకుంది. ఐసీఎంసీకి తోబుట్టువులాంటి, సంగీతాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే పరిశోధకుల ఇస్మిర్ సదస్సు 2022లో బెంగళూరులో జరిగింది. కచేరీ రికార్డింగులో గాత్రాన్ని వయొలిన్ అనుసరిస్తుంటే, వెనక తంబురా మోగుతుంటే, గాత్రపు స్థాయిని మాత్రమే వేరుచేయడం చాలా చిక్కైన సమస్య. త్యాగరాజ కృతులను చిన్నప్పటి నుంచి విన్న తెలుగు విద్యార్థులు, ప్రోగ్రాం గీసిన గీత ఎక్కడ తప్పిందో వినగానే చెప్పగలరు కనుక, వాళ్లు ఈ పనిలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అపోహ: ఖరీదైన స్టూడియో లేనిదే ప్రవేశం దొరకదు.

వాస్తవం: సీసౌండ్, ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్ మూడూ ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. ఏళ్ల తరబడి ఐసీఎంసీలో వచ్చిన పత్రాలను మిషిగన్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకునేలా ఉంచింది. పైన చెప్పిన తీగ నాదపు ప్రోగ్రాం ఇరవై పంక్తులు దాటదు, మొదలుపెట్టడానికి దానికన్నా మంచిది నాకు తోచదు.