ఓపెన్ పాఠ్యపుస్తకాలు: అమెరికా రాష్ట్రాలకు ఉమ్మడి లెక్క ఎందుకు కావాల్సి వచ్చింది

అమెరికా కాలేజీల్లో ఏ పుస్తకం చదవాలో చెప్పేది ప్రొఫెసర్, కొనేది విద్యార్థి. ధర ఎంతున్నా ఎంచుకున్నవారి జేబుకు చిల్లు పడదు. పాఠ్యపుస్తకాల ధరలు ఏళ్ల తరబడి పెరుగుతూ పోవడానికి ముఖ్య కారణం ఇదే. కోర్సుల షెడ్యూల్లోనే పుస్తకం ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు), ధర చూపాలని 2008లో ఫెడరల్ చట్టం వచ్చింది. దాంతో ధర ముందే తెలిసింది, అంతే.

ఉచితంగా చదువుకోవడమే కాక, మార్చుకుని తిరిగి పంచుకోగల పాఠాల, అంటే ‘ఓపెన్’ పాఠాల మాట అప్పటికే ఉంది. తన కోర్సుల పాఠాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే ఓపెన్‌కోర్స్‌వేర్‌ను ఎంఐటీ 2001లో ప్రకటించింది. మరుసటి ఏడాది, రచనను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో రచయితే ముందుగా చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. మన ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌ను ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి కేంద్ర నిధులతో నడిపించాయి. అమెరికాలో ఉన్నత విద్య ప్రధానంగా రాష్ట్రాల వ్యవహారం కాబట్టి ఎవరి దారి వారిదైంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలు ఎక్కువమంది చేరే 81 కోర్సులకు సామగ్రి తయారుచేసే పని పెట్టుకుని, విద్యార్థి ఖర్చు 30 డాలర్లు దాటకూడదన్నాయి. తొలి 42 కోర్సులు 2011లో విడుదలయ్యాయి. రైస్ యూనివర్సిటీ ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలు 2012లో మొదలయ్యాయి. ఓపెన్ పుస్తకాల కోసం 2017లో న్యూయార్క్ రాష్ట్రం 80 లక్షల డాలర్లు ఇస్తే, 2018లో ఫెడరల్ ప్రభుత్వం దేశం మొత్తానికి ఇచ్చింది 50 లక్షలే!

తర్వాత చట్టసభల నుంచి వచ్చిన ప్రశ్న ఒక్కటే: ఇంత పెడితే విద్యార్థికి ఎంత మిగిలింది? ఇక్కడే లెక్కలు కుదరలేదు.

200 మంది ఉన్న క్లాసు 150 డాలర్ల పుస్తకం మాని ఓపెన్ పుస్తకానికి మారిందనుకుందాం. కొత్త పుస్తకం ధరతో గుణిస్తే మిగులు 30,000 డాలర్లు. విద్యార్థికి సగటున 100 డాలర్లని పట్టుకుంటే 20,000. అసలు అందరూ కొత్తదే కొనరు. కొందరు పాతది కొంటారు, కొందరు అద్దెకు తెచ్చుకుంటారు, కొందరు పుస్తకం లేకుండానే నెట్టుకొస్తారు. అలాంటివాళ్లు 40 మంది ఉంటే వారికి మిగిలింది డబ్బు కాదు, చదువుకోవడానికి పుస్తకం దొరికింది. ఒక రాష్ట్రం మొదటి పద్ధతిలో, పక్క రాష్ట్రం రెండో పద్ధతిలో లెక్క చెబితే ఆ రెంటినీ కూడలేం.

పుస్తకాల ఖర్చు ఎంతో తెలిసేలా కోర్సుల మీద వేసే గుర్తులదీ ఇదే తంతు. ‘తక్కువ ఖర్చు’ అంటే జార్జియా రాష్ట్రంలో 40 డాలర్ల లోపు; వేరేచోట గీత వేరు. పైగా పుస్తకాల వివరాలు వచ్చేది కాలేజీ బుక్‌స్టోర్ నుంచి. ఓపెన్ పుస్తకం వాడే ప్రొఫెసర్ కొనిపించేదేమీ లేదని ఫారం ఖాళీగా వదిలేస్తే, అది ఉచిత పుస్తకమో, వివరాలే అందలేదో కోర్సుల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌కు తెలిసే దారి లేదు. 2016 నుంచి అమల్లోకొచ్చిన ఫెడరల్ నిబంధనలతో డిజిటల్ పుస్తకం ఖర్చును ఫీజులోనే కలిపి వసూలుచేసే పద్ధతి ఊపందుకుని చిక్కు ఇంకా ముదిరింది. క్లాసు మొదటిరోజే పుస్తకం చేతికొస్తుంది, కానీ అది ఉచితం కాదు, ఓపెన్ అంతకన్నా కాదు.

ఈ లెక్కలన్నిటినీ ఒక దారికి తెచ్చే పని నెత్తికెత్తుకోవడానికి కొత్త సంస్థ అక్కర్లేకపోయింది. రాష్ట్రాలు ఉన్నత విద్య కోసం ఎప్పుడో కట్టుకున్న ప్రాంతీయ కూటములు నాలుగున్నాయి: దక్షిణాదిది 1948 నాటిది, పశ్చిమానిది, న్యూ ఇంగ్లండ్‌ది 1950ల నాటివి, మిడ్‌వెస్ట్‌ది 1991లో పుట్టింది. నాలుగింటిలో కలిపి 47 రాష్ట్రాలున్నాయి. బయట ఉన్నవి న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా. అంటే 80 లక్షలు పెట్టిన రాష్ట్రమే జట్టులో లేదు. హ్యూలెట్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ సాయంతో ఈ నాలుగూ జాతీయ కన్సార్షియంగా (ఉమ్మడి వేదికగా) ఏర్పడి, ఖర్చు, మిగులు లెక్కలకు ఉమ్మడి పద్ధతి రూపొందించడం ముందు పెట్టుకున్నాయి. కూటములకు చట్టం చేసే అధికారం లేదు. చేయగలిగింది నమూనా ఇవ్వడం, ఒప్పించడం.

ఉమ్మడి లెక్కతో తీరనివీ ఉన్నాయి. ఒక పుస్తకం బై-ఎస్ఏ అనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో (మార్చి పంచితే అదే లైసెన్సు పెట్టాలి), ఇంకోటి బై-ఎన్‌సీ-ఎస్ఏతో (అదే షరతు, పైగా వ్యాపారానికి వాడకూడదు) ఉంటే రెంటి అధ్యాయాలూ తిరగరాసి కలిపి ఒకే కొత్త పుస్తకంగా విడుదల చేయడానికి లైసెన్సులే ఒప్పుకోవు. పీడీఎఫ్ ఒక్కటే పెట్టి మూలం ఫైలు ఇవ్వకపోతే, లైసెన్సు అనుమతించినా దిద్దడం నరకం. ప్రశ్నల బ్యాంకు లేని పుస్తకానికి మారాలంటే 200 పేపర్లు దిద్దే ప్రొఫెసర్ వెనకాడతారు. గ్రాంట్లేమో ఎక్కువగా మొదటి ముద్రణకే. నాలుగేళ్లకు లింకులు తెగిపోయి, గణాంకాలు పాతబడితే దిద్దుబాటు ఖర్చు ఎవరి పద్దులో రాయాలన్నది చాలా రాష్ట్రాల్లో ఇంకా తేలలేదు.