కార్పెట్ తీసి కొత్త ఫ్లోరింగ్ వేయించేవారికి: అపోహలు – వాస్తవాలు

గోడ నుంచి గోడ దాకా పరిచిన కార్పెట్‌ను తీసేయాలని నిశ్చయించుకున్నవారు నేలపని చేసే మమ్మల్ని మొట్టమొదట అడిగేది "అన్నిటికంటే గట్టి ఫ్లోరింగ్ ఏది?" అనే. టైల్స్ అనో, వినైల్ అనో, చెక్క అనో ఒక్క పేరు చెబితే వారికి తృప్తిగా ఉంటుంది. కానీ ఒకే పేరుతో అమ్ముడయ్యే రెండు సరుకుల్లో ఒకటి దశాబ్దాలు నిలవడం, మరొకటి కొన్నేళ్లకే అతుకుల దగ్గర లేచిపోవడం ఈ పనిలో ఉన్నవారికి కొత్త కాదు. పైపొర ఎంత గట్టిది, కింది గచ్చు ఎంత చదునుగా, ఎంత పొడిగా ఉంది, అతుకుల్లో దిగిన నీరు ఎటు పోతుంది అన్నవి తేలాకే సరుకు పేరు గురించి మాట్లాడటంలో అర్థం ఉంటుంది.

అపోహ: పెట్టె మీద "వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉంటే నీటి గురించి చింత అక్కర్లేదు.

వాస్తవం: ఆ మాట పలకకు వర్తిస్తుందే తప్ప దాని కింద ఉన్న నేలకు వర్తించదు. సున్నపురాయి పొడిని పీవీసీతో కలిపి తయారుచేసే ఎస్‌పీసీ వినైల్ పలక నీటిలో నానినా ఉబ్బదు. అయితే గోడ అంచుల గుండా, సరిగా బిగుసుకోని అతుకుల గుండా దిగిన నీరు పలకకూ గచ్చుకూ మధ్య చిక్కుకుపోతుంది. పైకి ఆవిరయ్యే దారి లేక అక్కడే నిలిచి బూజుకు, దుర్వాసనకు కారణమవుతుంది. కింద చెక్క పునాది ఉంటే అది మెల్లగా పాడవుతుంది. లామినేట్ సంగతి ఇంకా సున్నితం. దాని నడుమ ఉండేది చెక్కపీచును ఒత్తి చేసిన బోర్డు కాబట్టి, నీటిని కొన్ని గంటలపాటు తట్టుకుంటుందని తయారీదారు చెప్పిన రకాల్లో కూడా ఒకసారి అంచులు ఉబ్బితే అవి మళ్లీ పూర్వస్థితికి రావు. తడి తప్పని గదులకు లామినేట్ వద్దనే నా సలహా.

నీరు పైనుంచే వస్తుందనుకోవడం ఇదే అపోహలోని రెండో సగం. కాంక్రీటు శ్లాబు నుంచి తేమ నిరంతరం పైకి వస్తూనే ఉంటుంది. కార్పెట్ గాలి ఆడే వస్తువు గనుక ఆ తేమ దాని గుండా ఆవిరై పోతుంది, ఇంట్లోవారికి ఏళ్ల తరబడి ఆ ఊసే తెలియదు. అదే శ్లాబు మీద వినైల్ పరిచిన కొద్ది నెలలకే జిగురు మెత్తబడటమో, చెక్క పలకల అంచులు పైకి లేవడమో మొదలైతే, తప్పంతా కొత్త సరుకుదే అన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి కార్పెట్ తీసిన వెంటనే సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును శ్లాబుకు నాలుగు వైపులా టేపుతో అంటించి, కనీసం 16 గంటల తరువాత తీసి చూడాలి. లోపల నీటి చుక్కలు కనిపించినా, శ్లాబు రంగు ముదిరినా తేమ ఉన్నట్టే. ఏమీ కనిపించకపోతే మాత్రం పూర్తి భరోసా దొరికినట్టు కాదు, ఎందుకంటే పైభాగం ఆరినా లోపల తేమ మిగిలి ఉండవచ్చు. ఖరీదైన చెక్క వేయించేవారు శ్లాబులో రంధ్రం చేసి లోపలి తేమను కొలిచే మీటరు పరీక్షను అడిగి చేయించుకోవడం మంచిది. కొత్తగా పోసిన శ్లాబు అయితే ప్రతి 25 మిల్లీమీటర్ల మందానికి ఒక నెల ఆరబెట్టాలన్నది మా పనిలో స్థూలంగా పాటించే లెక్క.

అపోహ: మందం ఎక్కువైన పలక ఎక్కువ కాలం మన్నుతుంది.

వాస్తవం: నడకకు అరిగేది పైపొర ఒక్కటే. వినైల్ పలక మొత్తం మందం 4 మిల్లీమీటర్లా, 6 మిల్లీమీటర్లా అన్నదానికన్నా, డిజైన్ మీద ఉండే పారదర్శకమైన పొర మందం ముఖ్యం. మామూలు ఇళ్లకు 0.3 మిల్లీమీటర్లు సరిపోతుంది. పిల్లలు, పెంపుడు కుక్కలు, నిత్యం రాకపోకలు ఉన్న ఇంటికి 0.5 మిల్లీమీటర్లు అడగాలి. లామినేట్‌లో ఈ అరుగుదలను ఏసీ అనే శ్రేణితో సూచిస్తారు. ఇంటి వాడకానికి ఏసీ3 చాలు, ఏసీ4 ఉంటే ఇంకా నిశ్చింత. గ్లేజ్ చేసిన టైల్స్‌కు అరుగుదలను ఎంత తట్టుకుంటాయో చెప్పే పీఈఐ అనే అంకె ఉంటుంది. గోడల కోసం చేసిన తక్కువ అంకె టైలును అందంగా ఉందని నేల మీద వేయిస్తే నడిచే దారి వెంబడి మెరుపు చెరిగిపోతుంది. ఇంజినీర్డ్ చెక్కలో చూడవలసింది పైన అతికించిన అసలు చెక్క పొర. అది 1 మిల్లీమీటరు లోపు ఉంటే ఇసుక కాగితంతో రుద్ది మళ్లీ పాలిష్ చేసే అవకాశమే ఉండదు. 3, 4 మిల్లీమీటర్లు ఉంటే ఒకటి రెండుసార్లు కొత్తదనం తేవచ్చు.

మందం మీద ఉన్న ఈ మోజు వల్లే కొందరు మెత్తదనం కోసం కింద దళసరి ఫోమ్ పరవమంటారు. ఒకదాని అంచులో మరొకటి ఇరికించే క్లిక్ పద్ధతిలో బిగించే పలకలకు ఇది చేటు. అడుగు పడిన ప్రతిసారీ పలక కిందికి వంగి, సన్నని నాలుక లాంటి ఆ అతుకు క్రమంగా విరుగుతుంది. తయారీదారు సూచించిన అండర్‌లేను, అంటే పలకల కింద పరిచే పలుచని పొరను, మించి మెత్తదనం కోరకూడదు. పలక వెనుకే అండర్‌లే అతికించి ఉంటే మరొకటి వేయనే కూడదు.

అపోహ: గట్టి చెక్క మీద, రాయి మీద గీతలు పడవు.

వాస్తవం: చెక్క గట్టిదనాన్ని చెప్పే జంకా అంకె కొలిచేది వేరొక గుణాన్ని. 11.28 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గుండును సగం వరకు చెక్కలోకి దించడానికి ఎంత బలం కావాలో అది చెబుతుంది. రెడ్ ఓక్‌కు అది సుమారు 1290 పౌండ్లు. బరువైన వస్తువు పడితే ఎంత సొట్ట పడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు గాని, గీతలు పడేది చెక్క మీద పూసిన పాలిష్ పొరకు. ఆ గీతలకు మూలం చెప్పులతో లోపలికి వచ్చే ఇసుక. ఇసుకలోని క్వార్ట్జ్ 1 నుంచి 10 వరకు ఉండే మోహ్స్ గట్టిదన శ్రేణిలో 7 దగ్గర ఉంటుంది. గ్రానైట్ 6, 7 మధ్య ఉంటుంది కాబట్టి బాగానే నిలబడుతుంది. పాలరాయి 3 మాత్రమే. గుమ్మం బయట ఒకటి, లోపల ఒకటి కాళ్లు తుడుచుకునే పట్టాలు పరవడం ఏ ప్రత్యేక పూతకన్నా నేలను ఎక్కువ కాపాడుతుందని నేను నమ్ముతాను. మెరుపు తక్కువగా ఉండే మ్యాట్ ఫినిష్ ఎంచుకుంటే పడిన గీతలు కూడా అంతగా కనిపించవు.

పాలరాయికి ఇంకొక బలహీనత ఉంది. అది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్ కావడం వల్ల నిమ్మరసం, వెనిగర్ వంటి ఆమ్లాలు తగిలిన చోట పైపొర కరిగి మెరుపు పోతుంది. దీన్ని మరక అనుకొని ఎంత తోమినా లాభం ఉండదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. రాయి మీద పూసే సీలర్ మరకలను ఆలస్యం చేయగలదు గాని ఆమ్లాన్ని ఆపలేదు. వంటగదిలో పాలరాయి కోరేవారిని నేను ఒకటికి రెండుసార్లు ఆలోచించమంటాను.

అపోహ: టైల్స్ వేయిస్తే ఇక చూసుకోవలసిన పనే ఉండదు.

వాస్తవం: పోర్సలిన్ టైలు పీల్చుకునే నీరు దాని బరువులో 0.5 శాతానికి మించదు, అంటే టైలు విషయంలో ఈ మాట దాదాపు నిజమే. పని పెట్టేది టైల్స్ మధ్య సందులను నింపే గ్రౌట్. సిమెంటు గ్రౌట్‌కు సన్నని రంధ్రాలుంటాయి గనుక నూనె, మురికి లోపలికి ఇంకుతాయి. ఎపాక్సీ గ్రౌట్ ఇంకనివ్వదు, కానీ అది త్వరగా గట్టిపడిపోతుంది కాబట్టి చెయ్యి తిరిగిన మేస్త్రీ కావాలి. అంచులు కచ్చితంగా కోసిన రెక్టిఫైడ్ టైల్స్ తీసుకుంటే మధ్య సందులు సన్నగా వస్తాయి. అలాగని సందు లేకుండా టైలుకు టైలు ఆనించి వేయమని పట్టుబట్టకూడదు. వేడికి, తేమకు కలిగే స్వల్పమైన కదలికకు చోటు లేకపోతే టైల్స్ పైకి లేస్తాయి. పని పూర్తయ్యాక ప్రతి టైలును వేలితోనో, చిన్న కర్రతోనో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే కింద జిగురు పూర్తిగా అంటలేదన్నమాట, బరువు పడితే మొదట పగిలేది అలాంటి చోటే.

జారుడు విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. అద్దంలా మెరిసే టైలు తడిస్తే వృద్ధులకు ప్రమాదకరం. మరీ గరుకైన టైలు మురికిని పట్టి ఉంచి తుడవడాన్ని కష్టం చేస్తుంది. స్నానాలగదికి గరుకు, హాలుకు మ్యాట్ అన్న విభజన నాకు సబబుగా అనిపిస్తుంది.

అపోహ: కార్పెట్ కింద నేల ఎలాగూ చదునుగానే ఉంటుంది, నేరుగా పరిచేయవచ్చు.

వాస్తవం: కార్పెట్, దాని కింది మెత్త కలిసి ఎన్ని ఎగుడుదిగుళ్లనైనా దాచేస్తాయి. చివర్లలో మేకుల పట్టీలు, స్టేపుల్స్, ఎండిన జిగురు తొలగించాక 3 మీటర్ల పొడవైన తిన్నని బద్దను నేల మీద అన్ని దిక్కులా పెట్టి చూడాలి. రసమట్టంతో వాలు తెలుస్తుంది, బద్దతో గుంతలు తెలుస్తాయి. నేలకు అతికించకుండా పరిచే తేలియాడే పలకలకు ఆ పొడవులో 5 మిల్లీమీటర్ల తేడా వరకు సాధారణంగా ఫరవాలేదు. పెద్ద టైల్స్‌కు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకు మించితే లెవెలింగ్ చేయించాల్సిందే. ఈ ఖర్చును అంచనాలో చేర్చని కొటేషన్ చవకగా కనిపించడంలో వింత లేదు.

కార్పెట్ కింద పాతకాలపు చిన్న పలకలో, నల్లటి జిగురో బయటపడితే చేతులు ఆపండి. 1980లకు ముందు కట్టిన ఇళ్లలో వాటిలో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. రుద్దడం, గీకడం చేయకుండా ముందు నమూనాను ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.

అపోహ: కార్పెట్ పోతే అలర్జీ కూడా పోతుంది.

వాస్తవం: గట్టి నేలలో దుమ్ము పురుగులకు దాక్కునే చోటు ఉండదు, అంతవరకు మేలే. అయితే దుమ్ము పట్టి ఉంచే కార్పెట్ లేనందువల్ల పొడి చీపురుతో ఊడిస్తే అది గాలిలోకి లేస్తుంది. వాక్యూమ్ వాడి, ఆపైన బాగా పిండిన తడిగుడ్డతో తుడిస్తేనే ఫలితం. పరుపుల్లోని పురుగులకు నేల మార్పుతో సంబంధం లేదు.

అపోహ: వేడి ఆవిరి, ఘాటైన క్లీనర్ వాడితే నేల మరింత శుభ్రపడుతుంది.

వాస్తవం: చెక్క, లామినేట్, అతికించిన వినైల్ మీద ఆవిరి మాప్ వాడితే తేమ, వేడి అతుకుల్లోకి దిగుతాయి. చాలామంది తయారీదారులు దానికి వారంటీ ఇవ్వరు. సబ్బు ఎక్కువైతే జిడ్డు పొర మిగిలి, ఆ పొరకే మురికి అంటుకుంటుంది. ఆమ్లమూ క్షారమూ కాని తటస్థమైన క్లీనర్‌ను కొద్దిగా నీటిలో కలిపితే చాలు. రబ్బరు అడుగున్న పట్టాలు వినైల్ మీద తుడిచినా పోని పసుపు మరకలు వేస్తాయి గనుక వాటిని వాడకండి.

ఇక పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. తేలియాడే నేలకు గోడల వెంట 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి స్కిర్టింగ్‌తో కప్పాలి, దాని మీద వంటగది అల్మరాలు బిగించకూడదు. సరుకు కొనేటప్పుడు అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసి, కోతల్లో పోయేదానికి పదిశాతం అదనంగా తీసుకొని, మిగిలిన పెట్టెను పారేయకుండా పొడి చోట దాచాలి. కొన్నేళ్ల తరువాత ఒక టైలు పగిలినప్పుడు అదే రంగు టైలు మార్కెట్‌లో దొరకడం అరుదు.