బాక్సింగ్ బిల్లు ఎవరు కడుతున్నారు?

2025 జులైలో అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లు పెట్టారు. మహమ్మద్ అలీ పేరుతో 2000లో వచ్చిన బాక్సింగ్ చట్టానికి అది సవరణ. ఒకే సంస్థ బాక్సర్లతో ఒప్పందాలు చేసుకుని, పోటీలు పెట్టి, ర్యాంకులూ బెల్టులూ తానే ఇచ్చుకోవడానికి దారి తెరవడం దాని ఉద్దేశం. యూఎఫ్‌సీ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల సంస్థను నడిపే టీకేవో కంపెనీ దీన్ని గట్టిగా సమర్థిస్తోంది. పైకి ఇది చట్టం గొడవ. లోపలున్నది టీవీ డబ్బు. ఆ డబ్బు కట్టే చెయ్యి మారినప్పుడల్లా, ఎవరు ఎవరితో తలపడాలో తేల్చే అధికారమూ దాని వెంటే పోయింది.

మొదట కట్టింది గడ్డం బ్లేడ్ల కంపెనీ. తొలినాటి టీవీకి బాక్సింగంత కుదిరిన ఆట మరొకటి లేదు. 1940ల కెమెరాలు బరువు, వాటికి వెలుతురు బాగా కావాలి. బేస్‌బాల్ బంతి వెంట తిరగలేని ఆ కెమెరా, 20 అడుగుల రింగులో దీపాల కింద ఉన్న ఇద్దరు మనుషుల్ని సులువుగా పట్టుకునేది. 3 నిమిషాల రౌండ్, తర్వాత నిమిషం విరామం. ఆ నిమిషం ప్రకటన కోసమే కొలిచి పెట్టినట్టుండేది. ఎన్‌బీసీలో జిలెట్ సొమ్ముతో 1944లో మొదలైన ప్రసారాలు 1960 దాకా శుక్రవారం రాత్రుల్ని ఏలాయి. బుధవారం సీబీఎస్‌లో పాబ్స్ట్ బీరు వంతు.

ఇంట్లో ఊరికే దొరికే ఆటకు టికెట్ ఎవరు కొంటారు? ఊళ్లలోని చిన్న బాక్సింగ్ క్లబ్బులు వరసగా మూతపడ్డాయి. బాక్సర్ తయారయ్యేది ఆ క్లబ్బుల్లోనే. అక్కడ కొన్నేళ్లు నలిగాకే పెద్ద రింగుకు వచ్చేవాడు. స్పాన్సర్‌కు మాత్రం వారం తిరిగేసరికి ఇంకో మెయిన్ బౌట్ (ప్రధాన పోటీ) కావాలి, ఏడాదికి 52. దాంతో పచ్చికాయల్నే తెచ్చి తెర మీద నిలబెట్టారు. ఎడమచేతి వాటం చక్ డేవీ టీవీ వల్ల ఇంటింటికీ తెలిసిన పేరయ్యాడు. 1953 ఫిబ్రవరిలో ఛాంపియన్ కిడ్ గావిలాన్ ముందు నిలబెడితే చిత్తుగా ఓడిపోయాడు.

అన్ని బౌట్లు సమకూర్చడానికి ఒకే గుత్తేదారుంటే చానెళ్లకు పని తేలిక. 1949లో పుట్టిన ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ ఆ పనే చేసింది. జేమ్స్ నోరిస్, ఆర్థర్ విర్ట్జ్‌ల చేతిలో పెద్ద స్టేడియాలు, ఛాంపియన్ల ఒప్పందాలు, ప్రసార హక్కులు మూడూ చేరాయి. తెర వెనక ఫ్రాంకీ కార్బో లాంటి మాఫియా మనుషులు ఉండేవారు. బేస్‌బాల్‌కున్న మినహాయింపు బాక్సింగ్‌కు వర్తించదని, గుత్తాధిపత్య నిరోధక చట్టం కిందికే వస్తుందని 1955లో సుప్రీంకోర్టు తేల్చింది. 1959లో ఆ సంస్థ రద్దును ఖాయం చేసింది. 1962 మార్చిలో ఏబీసీ ప్రత్యక్ష ప్రసారంలో ఎమీల్ గ్రిఫిత్ దెబ్బలకు బెన్నీ పారెట్ కుప్పకూలి, పది రోజులకు చనిపోయాడు. 1964లో ప్రైమ్‌టైమ్ వారపు బాక్సింగ్ ముగిసింది.

అప్పటికే పెద్ద పోటీలు క్లోజ్డ్ సర్క్యూట్ దారి పట్టాయి. అంటే ఇళ్లకు సిగ్నల్ ఇవ్వరు. థియేటర్‌కు లైను వేసి, ప్రొజెక్టర్‌తో తెర మీద చూపించి, టికెట్లు అమ్ముతారు. 1971 మార్చి 8న అలీ, ఫ్రేజియర్‌లకు చెరో 25 లక్షల డాలర్లు ముందే ఖాయం చేయగలిగింది ఈ లెక్క మీదే. దీని బలహీనత కూడా అదే రాత్రి బయటపడింది. షికాగో కొలీజియంలో తెర మీద బొమ్మ ఆగిపోయి జనం విధ్వంసానికి దిగారు. మర్నాడు మళ్లీ చూపిస్తామనడానికి ఇది సినిమా కాదు కదా!

ఆ తర్వాత గడియారాన్నీ టీవీయే తిప్పింది. 1974లో కిన్షాసాలో అలీ, ఫోర్‌మన్‌లు తెల్లవారుజామున 4 గంటల వేళ, 1975 అక్టోబర్ 1న మనీలాలో అలీ, ఫ్రేజియర్‌లు పొద్దున పదిన్నర దాటాక మండే వేడిలో తలపడ్డారు. రెండూ అమెరికా రాత్రికి సరిపెట్టినవే. మనీలా పోటీని ఉపగ్రహం ద్వారా కేబుల్ చందాదారులకు అందించి హెచ్‌బీవో జాతీయ చానెల్‌గా ఎదిగింది.

1982 నవంబర్‌లో సీబీఎస్‌లో చూపిన పోటీలో రే మాన్సీనీ చేతిలో దెబ్బతిని కిమ్ డుక్ కూ మరణించాక, టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ తన టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించింది. కారణం భద్రతే. అయితే 15 రౌండ్లంటే విరామాలతో కలిపి 59 నిమిషాలు, 12 అంటే 47. గంట స్లాటులో పరిచయాలకూ ప్రకటనలకూ చోటు మిగిలిందని చానెళ్లేమీ బాధపడలేదు.

1990లలో పే పర్ వ్యూ స్థిరపడింది. అంటే ఒక్కో పోటీకి విడిగా డబ్బు కట్టి ఇంట్లోనే చూడటం. 1991 ఏప్రిల్‌లో హోలీఫీల్డ్, ఫోర్‌మన్ పోటీని సుమారు 14 లక్షల ఇళ్లు కొన్నాయి. ప్రేక్షకుడు కట్టిన డబ్బులో మామూలుగా సగం వరకు కేబుల్, శాటిలైట్ కంపెనీలదే. మిగిలిందాంట్లో చానెల్, ప్రమోటర్ (పోటీ ఏర్పాటు చేసేవాడు) వాటాలు పోగా బాక్సర్లది. ఇందులో రెండు చిక్కులున్నాయి. కొనేవాళ్లంతా చివరి గంటలోనే వస్తారు. 2015 మే 2న మేవెదర్, పాకియావ్ పోటీకి ఆర్డర్ల తాకిడి తట్టుకోలేక కేబుల్ వ్యవస్థలు మొరాయించాయి, బౌట్‌నే ఆలస్యం చేశారు. రెండోది, చెరో చానెల్‌కు కట్టుబడ్డ బాక్సర్లు కలవరు. లెనాక్స్ లూయిస్ హెచ్‌బీవో, మైక్ టైసన్ షోటైమ్. వాళ్ల పోటీ 2002 దాకా కుదరలేదు, కుదిరేసరికి టైసన్‌లో పదును పోయింది. మేవెదర్, పాకియావ్‌ల మాటలు మొదలైంది 2009లో. ఆరేళ్లు నానిన ఆ పోటీని 99.95 డాలర్ల దాకా పెట్టి సుమారు 46 లక్షల ఇళ్లు కొన్నాయి. రాబడి 40 కోట్ల డాలర్లు దాటింది. ఆట మాత్రం చప్పగా సాగింది.

2018 చివర హెచ్‌బీవో, 2023 చివర షోటైమ్ బాక్సింగ్‌ను వదిలేశాయి. ఖాళీలోకి స్ట్రీమింగ్ వచ్చింది. క్రీడల స్ట్రీమింగ్ సంస్థ డాజోన్ 2018లో కెనెలో అల్వారెజ్‌తో 11 పోటీలకు 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024 నవంబర్‌లో టైసన్, జేక్ పాల్ పోటీని నెట్‌ఫ్లిక్స్ అదనపు చార్జీ లేకుండా ఇచ్చింది. మన దగ్గర అది శనివారం పొద్దున, అదే వేదిక మీద జరిగిన మరో పోటీలో మన నీరజ్ గోయత్ కూడా గెలిచాడు. బఫరింగ్‌తో చాలామందికి బొమ్మ ఆగి ఆగి వచ్చింది. సినిమాను ముందే సర్వర్లలో పేర్చుకోవచ్చు, ప్రత్యక్ష ప్రసారానికి ఆ వెసులుబాటు లేదు. ఇక సౌదీ డబ్బు వేదిక ఖర్చు నుంచి బాక్సర్ పారితోషికం దాకా భరిస్తోంది. 2024 మేలో రియాద్‌లో జరిగిన ఫ్యూరీ, ఉసిక్ పోటీ అలా కుదిరిందే.

2025 నాటి బిల్లుకు ఇదీ వెనకటి కథ. 2000 చట్టం ప్రకారం ప్రమోటర్, ఆ బౌట్ మీద తనకెంత వస్తుందో బాక్సర్‌కు చెప్పాలి. ప్రమోటరే మేనేజర్‌గా వాటా తీసుకోకూడదు. ర్యాంకులిచ్చే సంస్థలు వాటికి ప్రాతిపదికేమిటో వెల్లడించాలి. కొత్త తరహా సంస్థలోకి చేరిన బాక్సర్‌కు వీటిలో ఏవి మిగులుతాయన్నదే విమర్శకులు అడుగుతున్న ప్రశ్న.