నీలి అలమరల వంటగది గీయబోయే పిల్లలకు

చిరంజీవులకు,

నీలం రంగు అలమరలతో ఈ కాలపు వంటగది ఒకటి గీయాలనుకుంటున్నామని, ఏ నీలం బాగుంటుందో చెప్పమని అడిగారు. ఆ మాట ఇప్పుడే చెప్పను. రంగు ఆఖర్న తేలాల్సిన సంగతి. గదిలోకి వెలుతురు ఎటునుంచి వస్తుందో, గట్టు ఎంత ఎత్తులో ఉంటుందో, తలుపులకు ఏ పూత పడుతుందో తేలాక నీలం దాదాపు దానంతట అదే కుదురుతుంది. ముందే ఒక రంగు మీద మనసు పడి కూర్చుంటే తక్కినవన్నీ దానికి లొంగాల్సి వస్తుంది. చాలా వంటగదులు చెడేది అక్కడే.

కాబట్టి ముందు టేపు తీయండి. గది పొడవూ వెడల్పూ మూడేసి చోట్ల కొలవండి: నేల దగ్గర, నడుము ఎత్తులో, తల ఎత్తులో. కంటికి నిటారుగా కనిపించే గోడల్లో కూడా 10, 15 మిల్లీమీటర్ల తేడా మామూలే. మూడింట్లో చిన్న కొలతకే అలమరలు చేయించి, మిగిలిన సందుని ఫిల్లర్ పట్టీతో మూయాలి. మూల లంబంగా ఉందో లేదో చూడటానికి బడిలో నేర్చుకున్న పైథాగరస్ చాలు. మూల నుంచి ఒక గోడ మీద 60 సెం.మీ. దగ్గర, రెండో గోడ మీద 80 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య కొలవండి. సరిగ్గా 100 రావాలి. ఎక్కువ వస్తే మూల విచ్చుకున్నట్టు, తక్కువ వస్తే మూసుకుపోయినట్టు. గట్టు రాయిని కోసేవాళ్ళకి ఈ సంగతి ముందే తెలియకపోతే రాయి వెనక సందు తేలుతుంది.

గట్టు ఎత్తు పుస్తకంలో చూసి వేసేది కాదు. అక్కడ ఎక్కువసేపు నిలబడే మనిషిని మోచెయ్యి మడిచి నిలబెట్టి, నేల నుంచి మోచేతి వరకు కొలిచి, అందులోంచి 10 నుంచి 15 సెం.మీ. తీసేయండి. మోచెయ్యి 100 సెం.మీ. దగ్గరుంటే గట్టు 85 నుంచి 90. 87 అనుకుందాం. రాయి మందం 2, కింద కాలి వేళ్ళు దూరే స్కర్టింగ్ 10 పోతే అలమర పెట్టె ఎత్తు 75 సెం.మీ. వచ్చింది. ఆ స్కర్టింగ్ 5 నుంచి 7 సెం.మీ. లోపలికి ఉండాలి. లేకపోతే మనిషి గట్టుకి దూరంగా నిలబడి ముందుకి వంగాల్సి వస్తుంది, నడుము పట్టేస్తుంది. గట్టు లోతు 60 సెం.మీ. పై అలమరల లోతు 30 నుంచి 35 చాలు. గట్టుకీ పై అలమర అడుగుకీ మధ్య 45 నుంచి 60 సెం.మీ. ఖాళీ వదలండి.

నడిచే దారి ఒక్కరికైతే మీటరు, ఇద్దరు తిరిగే చోట 1.2 మీటర్లు. పొయ్యి, సింకు, ఫ్రిజ్ మూడింటినీ కలుపుతూ గీసే త్రిభుజంలో ఒక్కో భుజం 1.2 నుంచి 2.7 మీటర్లు, మొత్తం 4 నుంచి 7.9 మీటర్ల మధ్య ఉండేలా చూస్తారు. చిన్న గదుల్లో, ఒకే గోడ వెంట ఉన్న వంటగదుల్లో ఈ త్రిభుజం కుదరదు. అప్పుడు ఫ్రిజ్, సింకు, పొయ్యి అన్న వరస తప్పకుండా పెట్టి, సింకుకీ పొయ్యికీ నడుమ తరగడానికి కనీసం 60 సెం.మీ., వీలైతే 90 గట్టు వదిలితే పని సాఫీగా సాగుతుంది.

ఇలా అడుగులు లెక్కబెట్టి వంటగదిని గీయడం కొత్త సంగతేం కాదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన ఇళ్ళ కోసం మార్గరెటే ష్యూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న వంటగది గీశారు. దాదాపు 10,000 ఇళ్ళలో దాన్ని బిగించారు. ముందే చేసి తెచ్చి బిగించే ఇప్పటి మాడ్యులర్ వంటగదులకి అదే మూలం. దాని అలమరలు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉండేవి. నీలం మీద ఈగలు వాలవని అప్పట్లో నమ్మేవారు. ఈగల పని మాత్రం రంగుకి అప్పజెప్పకండి, గట్టు తుడవడమే దానికి మందు.

ఇక వెలుతురు. నీలానికి సంబంధించినంత వరకు అసలు పాఠం ఇదే, ఓపిగ్గా చదవండి. నీలం పూత తన మీద పడిన వెలుతురులోంచి నీలం భాగాన్ని వెనక్కి పంపి, ఎరుపు పసుపు భాగాల్ని మింగేస్తుంది. పడే వెలుతురులోనే నీలం తక్కువైతే వెనక్కి పంపడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. దీపం వెలుతురు రంగుని కెల్విన్లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ నీలి తెలుపు. అందుకే 2700 కెల్విన్ పసుపు దీపం కింద ముదురు నీలం నల్లబడుతుంది, లేత నీలం బూడిద తిరుగుతుంది. 4000 కెల్విన్ దగ్గర అదే రంగు తేటగా విచ్చుకుంటుంది. 6500కి పోతే నీలం బాగానే ఉంటుంది గానీ పక్కనున్న చెక్క, మనుషుల ముఖాలు పాలిపోతాయి. నీలి వంటగదికి 3500 నుంచి 4000 మధ్య దీపాలు పెట్టమని నా సలహా.

దీపం డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పేది. 90కి తగ్గకూడదు. అయితే ఆ అంకె ఎనిమిది లేత రంగు నమూనాల సగటు మాత్రమే. చిక్కని నీలం పన్నెండో నమూనా, అది సగటులోకి రాదు. కాబట్టి వీలైతే ఆ నమూనాకి వచ్చే అంకె, ఆర్12 విలువ కూడా అడిగి చూసుకోండి. చవక ఎల్ఈడీల్లో నీలానికీ ఆకుపచ్చకీ మధ్యనుండే వెలుతురు బాగా తక్కువ. నెమలికంఠం లాంటి నీలాలు వాటి కింద వెలవెలబోవడానికి కారణం అదే.

దీపం ఎక్కడుందన్నది కూడా అంతే ముఖ్యం. గది నడిమధ్యలో ఒకే దీపం పెడితే గట్టు ముందు నిలబడ్డ మనిషి నీడ గట్టు మీదే పడుతుంది. పై అలమర అడుగున ఎల్ఈడీ పట్టీ వేస్తారు కదా, దాన్ని గోడ వైపు కాకుండా ముందు అంచు దగ్గర, పాలరంగు మూత ఉన్న ప్రొఫైల్లో, అంటే సన్నని కాలువలాంటి గొట్టంలో, బిగించాలి. కానీ ఆ వెలుగు గట్టు మీదికే పోతుంది, కింది తలుపులకి చేరదు. మీరు అంత ఇష్టపడి ఎంచుకున్న నీలం ఉండేది ఆ కింది తలుపుల మీదే. కాబట్టి నడిచే దారి మీద, గట్టు అంచుకి కాస్త బయటగా, సీలింగులో ఒక వరస దీపాలు తప్పనిసరి.

రంగు చార్టుల్లో ఎల్ఆర్‌వీ అని ఇంకో అంకె ఉంటుంది. పడిన వెలుతురులో ఎంత శాతం వెనక్కి వస్తుందో అది చెబుతుంది. నేవీ నీలానికి 5 నుంచి 10 మధ్య, లేత ఆకాశ నీలానికి 60 దాకా, తెల్ల గోడకి 80 పైన ఉంటుంది. ఒకే చిన్న కిటికీ ఉన్న గదిలో పైనా కిందా నేవీ వేస్తే గది వెలుతురంతా తలుపులే తాగేస్తాయి. అలాంటి చోట కింద ముదురు నీలం, పైన తెలుపో లేత చెక్క రంగో పెట్టండి. రెండు వైపులా కిటికీలుంటే ధైర్యంగా పైకప్పు దాకా నీలం పోవచ్చు.

ఇప్పుడు నమూనా చూడాలి. చార్టులో అగ్గిపెట్టెంత ముక్క చూసి ఎవరూ నిర్ణయించకూడదు. పెద్ద తలుపు మీద ఏ రంగైనా ఇంకా గాఢంగా కనిపిస్తుంది. 30 బై 40 సెం.మీ. పలక ఒకటి చేయించి, అలమర వచ్చే చోటే నిలువుగా ఆనించి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి దీపాల కింద చూడండి. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే పైనుంచి వెలుతురు ఎక్కువ పడి మోసం చేస్తుంది. పక్కన గట్టు రాయి ముక్క, నేల టైలు ముక్క తప్పక ఉండాలి. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే వివరంగా రాశారు. నీలం పక్కన మీగడ రంగు గోడ మరింత పసుపుగా, మామూలు బూడిద రాయి కాస్త వెచ్చగా కనిపిస్తాయి. బూడిద నేల, తెల్ల రాయి, స్టీలు పిడులు, నీలం అన్నీ చల్లవే అయితే గది ఆస్పత్రిలా అవుతుంది. చెక్క అర ఒకటి, ఇత్తడి పిడులు చేరిస్తే చాలు, నీలానికి ప్రాణం వస్తుంది. ఇంకో జాగ్రత్త: కొన్ని తలుపులకి పెయింటు, కొన్నింటికి లామినేట్, అంటే అతికించే గట్టి రంగు రేకు, వేసి ‘ఒకే నీలం’ చేయాలని చూడకండి. దుకాణం దీపం కింద ఒకేలా కనిపించిన ఆ రెండూ ఇంటి వెలుతురులో వేరువేరు రంగులుగా కనిపిస్తాయి.

పూత ఏది? లామినేట్ గీతలకీ నీళ్ళకీ బాగా ఓర్చుకుంటుంది. అయితే బయట 1 మి.మీ. లామినేట్ వేసినప్పుడు లోపలి ముఖానికి కూడా లైనర్ లామినేట్ వేయాలి. ఒక వైపే అతికిస్తే చెక్క రెండు వైపులా ఒకే తీరున తేమ పీల్చుకోలేక తలుపు వంగిపోతుంది. ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని నొక్కి చేసిన పలక మీద పీయూ, అంటే పాలీయురెథేన్ పెయింటు చాలా అందంగా వస్తుంది. ఆ పలకలో ముఖం కన్నా అంచులు ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి అంచులకి ప్రైమర్ అనే అడుగు పూత రెండుసార్లు పట్టించి, 320 నంబరు గరుకు కాగితంతో రుద్దాకే రంగు వేయాలి. ముదురు నీలం కింద తెల్ల ప్రైమర్ కాకుండా బూడిద ప్రైమర్ వేయించండి. ఎప్పుడైనా అంచు ఊడితే తెల్లటి మచ్చ కళ్ళలో పడకుండా ఉంటుంది. అతికించే పీవీసీ పొర మాత్రం ఓవెన్ వేడి, పొయ్యి పక్క ఆవిరి తగిలే చోట మూలల్లో లేచిపోతుంది, అక్కడ వద్దు.

నిగనిగలాడే ముదురు నీలం మీద గుడ్డతో తుడిచిన సన్నని గీతలు కూడా ఎండ పడితే కనిపిస్తాయి. పూర్తి మ్యాట్ మీద వేలిముద్రల జిడ్డు నిలుస్తుంది, రుద్దిన చోట మెరుపు తేలుతుంది. నడిమిది, శాటిన్, నీలానికి అన్నిటికన్నా మేలు. పిడులు లేని తలుపులు ఈ కాలం పోకడే, కానీ ముదురు రంగులో తలుపు అంచు పట్టుకున్న ప్రతిసారీ మరక పడుతుంది. రోజూ తెరిచే సొరుగులకైనా పిడి పెట్టండి. ఇంకో మాట: నీలం రంగుపొడులన్నీ ఒకటి కావు. అల్ట్రామెరైన్‌కి ఆమ్లం పడదు, ప్రష్యన్ బ్లూకి క్షారం పడదు. 1930లలో వాడుకలోకి వచ్చిన థాలోసయనిన్ నీలం ఆ రెంటికీ, ఎండకీ కూడా తట్టుకుంటుంది. దుకాణంలో ఎండకి ఎంత నిలుస్తుందని అడగడం మరవకండి.

పెట్టెలకి తేమ తట్టుకునే 18 మి.మీ. ప్లైవుడ్ వాడండి. సింకు కింద చెక్క పొట్టుతో చేసిన పార్టికల్ బోర్డు వేస్తే ఒక్క చిన్న లీకుకే ఉబ్బిపోతుంది. ఇప్పుడు తలుపు లెక్క. 600 మి.మీ. వెడల్పు పెట్టెకి రెండు తలుపులనుకోండి. అటూ ఇటూ 1.5, మధ్యలో 3 మి.మీ. సందు వదిలితే 594 మిగిలింది, ఒక్కో తలుపు 297. అంచులకి అతికించే 1 మి.మీ. పట్టీ, ఎడ్జ్ బ్యాండ్, రెండు వైపులా వస్తుంది కాబట్టి చెక్కని 295కే కోయాలి. ఆ 2 మి.మీ. మరిచిపోతే నాలుగు పెట్టెల వరసలో తలుపులన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటాయి, మొదట రాలేది అంచుల్లోని నీలమే. పెట్టె ముందు అంచుకి తెల్ల బ్యాండ్ వేయకండి. ముదురు తలుపుల మధ్య సందుల్లోంచి తెల్ల గీతలు గీసినట్టు కనిపిస్తుంది. అక్కడ కూడా నీలమో ముదురు బూడిదో ఉండాలి.

తలుపుని పట్టి ఉంచే మడతబందుల్ని హింజులంటారు. తలుపు ఎత్తు 900 మి.మీ. దాకా రెండు హింజులు, 1600 దాకా మూడు, 2000 దాకా నాలుగు. వెడల్పు 600 దాటితే తలుపు వాలిపోతుంది. హింజు కోసం 35 మి.మీ. గుంట 12, 13 మి.మీ. లోతుకి తవ్వుతారు. 18 మి.మీ. తలుపులో ఇక మిగిలేది 5, 6 మాత్రమే. డ్రిల్ బిట్టు మధ్యలోని ముల్లు పొడుగ్గా ఉంటే నున్నటి నీలం ముఖం మీద పొక్కు తేలుతుంది. మూలలో రెండు వైపుల సొరుగులు కలిసే చోట కనీసం 50 మి.మీ. ఫిల్లర్ వదలండి. అది లేకపోతే, 35 మి.మీ. బయటికొచ్చిన పిడికి పక్క సొరుగు కొట్టుకుని తెరుచుకోదు.

లామినేట్ షీట్లన్నీ ఒకే బ్యాచ్‌వి తెప్పించండి. పెయింటైతే డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్‌లో కలిపి వేయించండి. లేకపోతే నాలుగో తలుపు నుంచి నీలం మారుతుంది. బిగించాక రక్షణ పొరని అన్ని తలుపుల నుంచీ ఒకే రోజు తీసేయండి. పీయూ పూత పూర్తిగా గట్టిపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా గట్టిగా రుద్దకూడదు. ఆ తర్వాత కూడా గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తని గుడ్డ చాలు. పీచు, థిన్నరు, బ్లీచు వద్దు. కిటికీ ఎదుట ఉన్న తలుపు మీద తువ్వాలు అదే చోట వేలాడదీస్తే చుట్టూ రంగు ఎండకి వెలిసి, ఏడాదికి దాని ఆకారమే ముదురు నీలంగా మిగలొచ్చు. మిగిలిన రంగుని చిన్న గాజు సీసాలో గాలి చొరబడకుండా మూసి, రంగు నంబరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ రాసి సింకు కింద కాకుండా పొడిగా ఉండే అరలో పెట్టండి.

గీసిన పటం మీద కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే రాసి పంపండి, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న