గజాలా హష్మీ: కమ్యూనిటీ కాలేజీ నుంచి వర్జీనియా సెనేట్ అధ్యక్ష పీఠం దాకా

2025 నవంబరు 4న గజాలా హష్మీ అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర సెనేట్‌కు అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైనప్పుడు మన పత్రికలూ టీవీ చానెళ్లూ ఆమెను ముందుగా హైదరాబాదు ఆడపడుచుగానే చెప్పుకున్నాయి. ఆమె 1964లో హైదరాబాదులో పుట్టిన మాట, మలక్‌పేటలోని అమ్మమ్మగారింట్లో బాల్యం మొదలైన మాట నిజమే. అయితే నాలుగేళ్ల వయసులో నగరం విడిచి వెళ్లిన వ్యక్తి అరవై దాటాక సాధించిన గెలుపును పుట్టిన ఊరి పేరు చెప్పి వివరించలేం. ఆమె దారి ఎలా పడిందో తెలియాలంటే అమెరికా వలస చట్టం దగ్గర మొదలుపెట్టాలి.

1946 దాకా భారతీయులు అమెరికా పౌరసత్వానికే అర్హులు కారు. ఆ ఏడు వచ్చిన చట్టం పౌరసత్వానికి దారి తెరిచినా, వలసకు మాత్రం దేశం మొత్తానికి ఏడాదికి 100 మంది అన్న పరిమితి పెట్టింది. పుట్టిన దేశాన్ని బట్టి కోటా నిర్ణయించే ఆ పద్ధతిని 1965 నాటి హార్ట్-సెల్లర్ చట్టం తొలగించి, వృత్తి నైపుణ్యానికీ కుటుంబ బంధానికీ ప్రాధాన్యం ఇచ్చింది. కొత్త విధానం పూర్తిగా అమల్లోకి వచ్చింది 1968లో. హష్మీ తల్లి ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని జార్జియా రాష్ట్రంలో ఉన్న భర్త దగ్గరికి చేరింది ఆ మరుసటి ఏడు. అమెరికా వలస అనగానే ఇవాళ తెలుగువారికి హెచ్-1బీ వీసా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గుర్తుకు వస్తాయి గానీ, ఆ తొలి తరంలో చాలామంది వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు. వారిలో పలువురు కాపురం పెట్టినది మహానగరాల్లో కాదు, మరో భారతీయ కుటుంబం కనిపించడమే అరుదైన చిన్న పట్టణాల్లో.

హష్మీ కుటుంబం స్థిరపడిన స్టేట్స్‌బరో అలాంటిదే. తండ్రి జియా హష్మీ అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., ఎల్.ఎల్.బి. చదివి, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాల్లో డాక్టరేట్ పొంది, ఆ ఊళ్లోని జార్జియా సదరన్‌లో అధ్యాపకుడయ్యారు. తల్లి తన్వీర్ కోఠీ మహిళా కళాశాలలో చదువుకుని బి.ఎడ్. పూర్తి చేసినవారు. అంటే చదువు చెప్పడం ఆ ఇంట్లో ముందునుంచీ ఉన్నదే. గజాలా బడిలో చేరిన కాలం కూడా గమనించదగినది. నల్లజాతి, తెల్లజాతి పిల్లలకు వేర్వేరు బడులు నడిపే పద్ధతిని వాయిదాలు లేకుండా వెంటనే రద్దు చేయాలని సుప్రీంకోర్టు దక్షిణాది జిల్లాలను ఆదేశించింది 1969 అక్టోబరులోనే. ఆ రెండు వర్గాల్లో దేనికీ చెందని పిల్లగా, సరిగ్గా ఆ మార్పు జరుగుతున్న ఊళ్లో ఆమె చదువు సాగింది. జార్జియా సదరన్‌లో ఇంగ్లీషు ప్రధానాంశంగా డిగ్రీ, అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ పూర్తిచేశారు. 1991లో భర్తతో కలిసి రిచ్‌మండ్ ప్రాంతానికి మారారు.

ఆమె మొదట రిచ్‌మండ్ విశ్వవిద్యాలయంలో బోధించారు. కానీ ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది రెనాల్డ్స్ కమ్యూనిటీ కాలేజీలో. నా దృష్టిలో ఆమె రాజకీయాలకు అసలు పునాది కూడా అదే. కమ్యూనిటీ కాలేజీ అంటే తక్కువ ఫీజుతో రెండేళ్ల కోర్సులు చెప్పే ప్రభుత్వ కళాశాల. అక్కడ పగలు దుకాణంలోనో ఆసుపత్రిలోనో పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చేవారు, పిల్లల తల్లులు, కొత్తగా దేశానికి వచ్చినవారు, ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. రెండేళ్లు ఇక్కడ చదివి, ఆ క్రెడిట్లతో నాలుగేళ్ల విశ్వవిద్యాలయానికి మారడం చాలామంది లక్ష్యం. ఫీజు కొంచెం పెరిగినా, బస్సు మార్గం ఒకటి రద్దయినా, పిల్లవాడికి జ్వరం వచ్చినా చదువు ఆగిపోయే విద్యార్థులు వీళ్లు. హష్మీ అక్కడ బోధించడమే కాక, అధ్యాపకులకు బోధనలో తోడ్పడే కేంద్రానికి తొలి డైరెక్టరుగా కూడా పనిచేశారు. ఆ కాలేజీకి పేరు వచ్చింది జె. సార్జెంట్ రెనాల్డ్స్ నుంచి. వర్జీనియాలో కమ్యూనిటీ కాలేజీల వ్యవస్థ కోసం చట్టసభలో పాటుపడి, లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉండగానే 1971లో చిన్న వయసులో మరణించిన నాయకుడాయన.

జాతి వివక్షలో వర్జీనియా కూడా తక్కువ తినలేదు. నల్లజాతి పిల్లలను చేర్చుకోవడం ఇష్టంలేక ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959 నుంచి 1964 దాకా తన ప్రభుత్వ బడులన్నిటినీ మూసేసింది ఈ రాష్ట్రంలోనే. 2006లో అమెరికా సెనేట్ సభ్యుడు జార్జ్ అలెన్ తన ప్రచార సభలో, వీడియో తీస్తున్న భారతీయ సంతతి యువకుణ్ణి కోతిజాతి పేరును తలపించే మాటతో సంబోధించి, అమెరికాకు స్వాగతం అని ఎగతాళి చేశాడు. ఆ కుర్రాడు పుట్టి పెరిగింది వర్జీనియాలోనే. ఆ ఎన్నికలో అలెన్ పదివేల లోపు తేడాతో ఓడిపోయాడు. నగరాల చుట్టూ పెరుగుతున్న శివారు కౌంటీల ఓటరు మారుతున్నాడన్న సంగతి అప్పటినుంచే రాజకీయ పార్టీలకు అర్థం కాసాగింది.

హష్మీ రాజకీయాల్లోకి రావడానికి తక్షణ కారణం 2017 జనవరి నాటి ట్రంప్ ఉత్తర్వు. ముస్లింలు అధికంగా ఉన్న ఏడు దేశాల పౌరుల రాకను అది నిలిపివేసింది. ఆ జాబితాలో భారతదేశం లేదు, ఆమె అప్పటికే అమెరికా పౌరురాలు. అయినా దాదాపు యాభై ఏళ్లుగా ఉంటున్న దేశంలో తనకు చోటు ఉందా అన్న ప్రశ్న అప్పుడు ఎదురైందని ఆమె పలుమార్లు చెప్పారు.

2019లో డెమోక్రాటిక్ పార్టీ తరఫున రాష్ట్ర సెనేట్‌కు పదో నియోజకవర్గం నుంచి తొలిసారి పోటీ చేశారు. రిచ్‌మండ్ నగరంలో కొంత, చెస్టర్‌ఫీల్డ్ కౌంటీలో కొంత, పౌహాటన్ కౌంటీ మొత్తం కలిసిన సీటు అది. ప్రత్యర్థి గ్లెన్ స్టర్టెవాంట్ రిపబ్లికన్ సిట్టింగ్ సెనేటర్, అంతకుముందు రిచ్‌మండ్ స్కూలు బోర్డు సభ్యుడు. విద్యా రంగం ఆయనకూ కొత్త కాదు. పలకడానికి కష్టమైన పేరు అన్న మాటకు జవాబుగా, గజాలా హష్మీ అన్నది అమెరికన్ పేరే అని ఆమె ప్రచారంలో చాటుకున్నారు. ఆ మే నెలాఖరున వర్జీనియా బీచ్‌లో ఒక సాయుధుడు 12 మందిని కాల్చి చంపడం, తుపాకుల నియంత్రణకని జులైలో పిలిచిన ప్రత్యేక సమావేశాన్ని రిపబ్లికన్లు గంటన్నరలో ముగించడం శివారు ఓటర్లకు కోపం తెప్పించాయి. హష్మీ గెలిచారు, వర్జీనియా సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి ముస్లిం మహిళ అయ్యారు. ఆమె గెలిచిన సీటు కలుపుకునే డెమోక్రాట్ల బలం 40కి 21 అయింది. రెండు సభలూ గవర్నర్ పదవీ ఒకేసారి ఆ పార్టీ చేతికి రావడం 1990ల తొలినాళ్ల తర్వాత అదే మొదలు.

ఒక అధ్యాపకురాలు ఇలా నేరుగా చట్టసభకు రాగలగడంలో అక్కడి ఏర్పాటు పాత్ర కూడా ఉంది. వర్జీనియా శాసనసభ ఏడాది పొడుగునా కూర్చోదు. సరి సంవత్సరాల్లో 60 రోజులు, బేసి సంవత్సరాల్లో అంతకంటే తక్కువ. ఆమె ఎన్నికైన 2019లో సెనేటర్ జీతం ఏడాదికి 18,000 డాలర్లే. రాజకీయమే వృత్తిగా లేనివారికి ఇది తలుపు తీస్తుంది, నిజమే. కానీ ఇంత జీతంతో పని చేయగలవారికి మాత్రమే తీస్తుందన్నదీ మరువరాదు.

2023లో పునర్విభజన తర్వాత ఆమె పదిహేనో నియోజకవర్గం నుంచి మళ్లీ గెలిచి, 2024లో సెనేట్ విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలయ్యారు. గర్భనిరోధక సాధనాలు పొందే హక్కుకు చట్టరక్షణ కల్పించే ఆమె బిల్లును గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ 2024లో ఒకసారి, 2025లో మరోసారి వీటో చేశారు.

2025 జూన్‌లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే డెమోక్రాట్ల ప్రైమరీ ఎన్నికలో ఆరుగురు నిలిచారు. హష్మీకి వచ్చినవి 27 శాతం పైచిలుకు ఓట్లు. రెండో స్థానంలో నిలిచిన రిచ్‌మండ్ మాజీ మేయర్ లెవార్ స్టోనీకీ ఆమెకూ తేడా ఒక్క శాతం కూడా లేదు. అసలు పోటీ అక్కడే జరిగింది. నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి, రేడియో వ్యాఖ్యాత జాన్ రీడ్ మీద ఆమె 55 శాతానికి పైగా ఓట్లతో సునాయాసంగా నెగ్గారు. ముఖాముఖి చర్చకు ఆమె రాకపోవడంతో రీడ్ కృత్రిమ మేధతో తయారుచేసిన హష్మీ గొంతుతో వాదించి ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేశారు. అది ఓట్లు తెచ్చిపెట్టినట్టు కనిపించదు.

అమెరికాలో ఒక రాష్ట్రం మొత్తం ఓటర్లు ఎన్నుకున్న పదవికి చేరిన తొలి ముస్లిం మహిళ ఆమె. అయితే ఆ కుర్చీలో వలస మహిళ కూర్చోవడం మాత్రం కొత్త కాదు: ఆమెకు ముందున్న రిపబ్లికన్ విన్సమ్ ఎర్ల్-సియర్స్ జమైకాలో పుట్టినవారే. పొరుగున మేరీల్యాండ్‌లో 2023 నుంచి అదే పదవిలో ఉన్న అరుణా మిల్లర్ కూడా 1964లోనే హైదరాబాదులో పుట్టారు. ఆమె వచ్చింది ఇంజనీరింగ్ ఉద్యోగం నుంచి.

ఢిల్లీ, పుదుచ్చేరిల్లోలా ఈ లెఫ్టినెంట్ గవర్నర్‌ను ఎవరూ నియమించరు. నాలుగేళ్లకోసారి ప్రజలే ఎన్నుకుంటారు. సెనేట్‌కు అధ్యక్షత వహించడం, ఓట్లు సమానమైనప్పుడు నిర్ణాయక ఓటు వేయడం ఆ పదవి ప్రధాన విధులు. వర్జీనియాలో గవర్నర్ వరుసగా రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు కాబట్టి, ప్రతి నాలుగేళ్లకూ ఆ పీఠం ఖాళీ అవుతుంది, లెఫ్టినెంట్ గవర్నర్ పేరు అప్పుడు తప్పక వినిపిస్తుంది. డగ్లస్ వైల్డర్ 1985లో ఈ పదవికి, 1989లో గవర్నర్ పదవికి ఎన్నికైంది ఆ దారిలోనే. 2025లో ఎర్ల్-సియర్స్ ప్రయత్నించి అబిగెయిల్ స్పాన్‌బర్గర్ చేతిలో ఓడిందీ ఆ దారిలోనే. తర్వాతి గవర్నర్ ఎన్నిక 2029లో.