లైట్‌హౌస్‌కి పడవ తెలియదు

విశాఖపట్నం

చిరంజీవులకు ఆశీస్సులు.

పైనుంచి శాటిలైట్ మనల్ని చూస్తూ ఉంటుందనీ, అందుకే ఫోను మ్యాపులో మన చుక్క కనబడుతుందనీ మీలో చాలామంది అనుకుంటారు. అది చూడదు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ రాత్రంతా వెలుగు విసురుతూనే ఉంటుంది. ఏ పడవ ఆ వెలుగు చూసి రేవు పట్టుకుందో దానికేం తెలుసు? జీపీఎస్ ఉపగ్రహమూ అంతే. "నేను ఫలానా ఉపగ్రహాన్ని, ఇక్కడున్నాను, ఇప్పుడు టైము ఇంత" అని చెప్పుకుంటూ పోతుంది. వినేది మీ ఫోను. ఫోను పైకి ఒక్క ముక్క కూడా పంపదు. మీరు అమ్మకి లొకేషన్ పంపితే అది వెళ్ళేది మొబైల్ టవర్ దారిన.

మరి వింటే దూరం ఎలా తెలుస్తుంది? ఫిషింగ్ హార్బర్‌లో దూరంగా వడ్రంగి బోటుకి మేకులు కొడుతుంటే గమనించండి. సుత్తి పడటం ముందు కనబడుతుంది, చప్పుడు తరవాత వినబడుతుంది. మధ్యలో ఒక సెకను గడిస్తే అతను సుమారు 340 మీటర్ల దూరంలో ఉన్నట్టు. జీపీఎస్‌లో చప్పుడు బదులు రేడియో తరంగం, దాని వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి కాబట్టి, సరిగ్గా నడినెత్తిన ఉన్నదాని మాట కిందికి రావడానికి 67 మిల్లీసెకన్లు పడుతుంది. బయల్దేరిన టైము ఆ మాటలోనే ఉంటుంది, చేరిన టైము ఫోను చూసుకుంటుంది. తేడాని వేగంతో గుణిస్తే దూరం.

చిక్కంతా గడియారంలో ఉంది. ఉపగ్రహంలో ఉండేది అణు గడియారం, అంటే టైము దాదాపు తప్పనిది. ఫోనులో ఉండేది చేతి వాచీ తరహా క్వార్ట్జ్. అది ఒక్క మైక్రోసెకను, అంటే సెకనులో పదిలక్షవ వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఆర్కే బీచ్ ఇసుకలో నించున్నవాడు నీళ్ళలో తేలతాడు. దీనికి విరుగుడు నాలుగో ఉపగ్రహం. మూడు దూరాలు తెలిస్తే చోటు తేలాలి నిజమే, కానీ ఫోను గడియారం ముందుకి నడుస్తుంటే మూడు దూరాలూ ఒకే మేరకు ఎక్కువొస్తాయి. నాలుగోది కలిపేసరికి లెక్క పొసగదు. అప్పుడు ఫోను, అన్నింట్లోంచీ ఎంత తీసేస్తే నాలుగూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయా అని వెతుకుతుంది. ఆ తీసేసినదే దాని గడియారం తప్పు. చోటుతో పాటు ఖచ్చితమైన టైమూ చేతికొస్తుంది. మొబైల్ టవర్లు తమ గడియారాలు సరిచూసుకోవడానికి ఇదే వాడుకుంటాయి. నాకైతే జీపీఎస్ మొత్తంలో ఇంత అందమైన కిటుకు ఇంకోటి లేదు.

అణు గడియారానికీ ఓ తిరకాసు ఉంది. అంత ఎత్తున గురుత్వం తక్కువ కనుక అది రోజుకి 45 మైక్రోసెకన్లు ముందుకి పోతుంది, వేగం వల్ల 7 వెనక్కి పడుతుంది. మిగిలిన 38 దిద్దకపోతే రోజుకి 11 కిలోమీటర్ల చొప్పున తప్పు పేరుకుపోతుంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ముందే చెప్పింది కాబట్టి ఆ దిద్దుబాటు మొదటే చేసి పంపారు.

ఇక చుక్క ఎందుకు గెంతుతుంది? బీచ్ రోడ్డు అపార్టుమెంట్ల మధ్య నించుంటే తరంగం గోడకి తగిలి వంకర దారిన వస్తుంది. ఆలస్యం పెరిగింది, దూరమూ పెరిగింది, మీరు రోడ్డుకి అవతల ఉన్నారంటుంది మ్యాపు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర మీరు ఫ్లైఓవర్ మీదున్నారో కిందున్నారో దానికి తేలదు. ఉపగ్రహాలన్నీ పైనే ఉంటాయి, కిందినుంచి పలికేది ఒక్కటీ ఉండదు, అందుకే ఎత్తు లెక్కలో తప్పు ఎక్కువ. అరకు రైలు సొరంగంలో దూరిందంటే వినడానికే ఏమీ ఉండదు. చుక్క చుట్టూ కనబడే నీలం వలయం ఫోను తన అనుమానాన్ని ఒప్పుకోవడమే. వలయం పెద్దదైతే చుక్కని నమ్మకండి.

మన్యంలో నెట్ లేనిచోట చుక్క రావడం ఆలస్యమవుతుంది. ఉపగ్రహం తన దారి వివరాలు సెకనుకు 50 బిట్ల నత్తనడకన చెబుతుంది, ఒక విడత పూర్తవడానికి 30 సెకన్లు. నెట్ ఉంటే ఫోను వాటిని ముందే తెచ్చుకుంటుంది. లేకపోతే ఆకాశం బాగా కనబడేచోట కదలకుండా రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టాలి.

అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలు దొరికే తావులు చెబుతుంది, మన బోట్లవాళ్ళు వాటిని డిగ్రీలు, నిమిషాల్లో బోటులోని జీపీఎస్ సెట్టులోకి ఎక్కిస్తారు. ఫోనులో దశాంశాలు కనబడతాయి. హార్బర్ దగ్గర 17 డిగ్రీల 42 నిమిషాల ఉత్తరం, 83 డిగ్రీల 18 నిమిషాల తూర్పు అనుకోండి. ఫోనులో 17.42, 83.18 అని కొడితే నైరుతిన 33 కిలోమీటర్ల అవతల సముద్రంలో పడతారు. డిగ్రీకి 60 నిమిషాలు కదా, 60తో భాగించాలి: 17.70, 83.30. రెండు అంకెలూ తారుమారు చేస్తే ఉత్తర ధ్రువం దరిదాపుల్లో మంచులో తేలతారు, అది వేరే సంగతి! దారిలో ఎవరికైనా దెబ్బ తగిలి 108కి చెప్పాల్సి వస్తే ఉత్తరం అంకె ముందు, తూర్పు తరవాత, చుక్క తరవాత నాలుగైదు స్థానాల వరకూ చదవండి. అయిదో స్థానం విలువ ఒక మీటరు.

ఆదివారం డాబా ఎక్కి మొబైల్ డేటా, వైఫై ఆపి, లొకేషన్ మాత్రం ఉంచండి. ఫోను ఒకేచోట పెట్టి నిమిషానికోసారి అంకెలు రాయండి, పదిసార్లు. తరవాత అదే పని మెట్ల కింద చేయండి. రెండు కాగితాలూ నాకు పంపండి.

మీ తాతయ్య