ఫర్మ్‌వేర్ చెప్పే ప్రాసెసర్ వేగం: అపోహలు - వాస్తవాలు

"వేగం ఎంతో ఫర్మ్‌వేరే చెబుతోంది కదా, మళ్లీ మనం కొలవడం ఎందుకు? బూట్ టైమ్ దండగ." కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అనే మాట ఇది. ఫర్మ్‌వేర్ అంటే బోర్డులోనే ఉండి, మెషీన్‌ను ముందుగా నిద్రలేపే సాఫ్ట్‌వేర్. నా దృష్టిలో అది చెప్పే అంకె ఎన్నికల అఫిడవిట్ లాంటిది. తీసుకోవాలి, దాఖలు చేసుకోవాలి, కానీ సరిచూడకుండా నమ్మకూడదు.

అపోహ: బయాస్ (పీసీ ఫర్మ్‌వేర్) పట్టికలో ఉన్నదే చిప్ అసలు వేగం.

కాదు. బయాస్ హార్డ్‌వేర్ వివరాలు రాసిపెట్టే ఎస్‌ఎంబయాస్ పట్టికలో 'మ్యాక్స్ స్పీడ్' అంటే ఆ సాకెట్‌లో సిస్టమ్ భరించగల గరిష్ఠం, మీ చిప్‌ది కాదు. 'కరెంట్ స్పీడ్' బూట్ అయినప్పటిది. పవర్ నిర్వహణ కోసం ఫర్మ్‌వేర్ ఇచ్చే ఏసీపీఐ పట్టికలో 2401 మెగాహెర్ట్జ్ లాంటి వింత అంకె కనిపిస్తే అది టర్బోకి (అవసరమైతే మామూలు వేగం దాటి పరుగెత్తడానికి) గుర్తు, నిజమైన వేగం కాదు.

అపోహ: అంకె తప్పయితే సిస్టమ్ ఇన్ఫోలో తప్పు కనిపిస్తుంది, అంతేగా!

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఎక్స్86 మీద లినక్స్ సాధారణంగా టీఎస్‌సీ అనే, ప్రాసెసర్‌లో స్థిరమైన వేగంతో టిక్కులు లెక్కించే కౌంటర్‌ను బట్టి కాలం లెక్కిస్తుంది. సెకనుకు ఎన్ని టిక్కులో తప్పుగా తెలిస్తే సెకనే తప్పుతుంది.

2017లో వచ్చిన ఇంటెల్ స్కైలేక్ జియాన్ ప్రాసెసర్ల సంగతే చూడండి. టీఎస్‌సీ వేగానికి ఆధారమైన క్రిస్టల్ ఫ్రీక్వెన్సీ ఎంతో సీపీయూఐడీ (ప్రాసెసర్ తన వివరాలు చెప్పే సూచన) చెప్పకపోవడంతో, కెర్నల్‌లో 25 మెగాహెర్ట్జ్ అని నేరుగా రాసేశారు. అదే మోడల్ నంబరున్న వర్క్‌స్టేషన్లలో ఉన్నది 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. గడియారం 4 శాతం వెనకబడింది, అంటే గంటకు 2 నిమిషాల 24 సెకన్లు. నిజంగానే 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న సర్వర్లూ బాగుపడలేదు. విద్యుదయస్కాంత అలజడి తగ్గించే సర్క్యూట్ వల్ల అసలు ఫ్రీక్వెన్సీ దాదాపు 0.25 శాతం తగ్గి, పది నిమిషాలకు సెకనుకు పైగా తేడా వచ్చేది. చివరికి ఆ అంకె తీసేసి, కొలతకే వదిలేశారు.

అపోహ: నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచేసే ఎన్‌టీపీ ఉంది, టెన్షన్ ఎందుకు?

ఆ పని చేసే ఎన్‌టీపీడీ ప్రోగ్రామ్ గడియారం వేగాన్ని సర్దగలిగేది 500 పీపీఎం (పది లక్షలకు 500 వంతులు) వరకే, రోజుకు 43 సెకన్లు. 0.25 శాతమంటేనే 2,500 పీపీఎం. అంతకు మించితే గడియారం గెంతులేస్తుంది. క్రోనీ అనే మరో ఎన్‌టీపీ ప్రోగ్రామ్ ఇంకా ఎక్కువ సర్దగలదు. దాంతో రోగం బయటపడదు, అది ఇంకో తలనొప్పి.

అపోహ: ఆర్మ్ ప్రాసెసర్లలో ఈ గొడవ లేదు, రిజిస్టర్ చదివితే చాలు.

కౌంటర్ వేగం ఎంతో చెప్పే ఆ సీఎన్‌టీఎఫ్ఆర్‌క్యూ రిజిస్టర్‌లో విలువ రాసేదే ఫర్మ్‌వేర్. అందులో ఏం రాసినా కౌంటర్ తన వేగంతో తాను నడుస్తుంది. ఒక కోర్‌లో రాసి మిగతావాటిలో మరచిపోయే ఫర్మ్‌వేర్‌లూ ఉంటాయి. డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే ఫైల్) దీన్ని దాటేసే ప్రాపర్టీ ఉంది గానీ, వీలైనంత వరకు దాన్ని వాడకుండా ఫర్మ్‌వేర్‌నే బాగుచేసుకోమని కెర్నల్ డాక్యుమెంటేషన్ గట్టిగానే చెబుతుంది. నేనూ అదే అంటాను.

అపోహ: అయితే మనమే కొలిస్తే సరిపోతుంది.

దేనితో కొలుస్తారన్నది అసలు ప్రశ్న. పీసీల్లో ఉండే పాత పీఐటీ టైమర్ 1,193,182 హెర్ట్జ్‌తో నడుస్తుంది. కొలత మధ్యలో ఎస్‌ఎంఐ (ఫర్మ్‌వేర్ పని కోసం వచ్చే అంతరాయం) వచ్చి ప్రాసెసర్‌ను లాక్కుపోతే లెక్క చెడుతుంది. అందుకే పలుమార్లు కొలిచి, చెడిన కొలతలు పారేయాలి. కొన్ని కొత్త మెషీన్లలో పీఐటీ ఆపేసి ఉంటుంది. వర్చువల్ మెషీన్‌లో మాత్రం దాన్ని నడిపే హైపర్‌వైజర్ చెప్పిన అంకెనే తీసుకోవడం మేలు, లోపల కొలిస్తే ఇంకా గందరగోళం.

బూట్ అయ్యాక లినక్స్ ఇంకోసారి, ఈసారి దాదాపు సెకను పాటు, హెచ్‌పీఈటీ లేదా ఏసీపీఐ అనే వేరే హార్డ్‌వేర్ టైమర్‌తో టీఎస్‌సీని పోల్చి సరిచేసుకుంటుంది. చాలామందికి తెలియని మెలిక ఇక్కడుంది: కొత్త కొలత పాతదానికి 1 శాతంలోపు ఉంటేనే ఒప్పుకుంటుంది. అంటే 4 శాతం తప్పుతో మొదలైతే ఈ దిద్దుబాటు మిమ్మల్ని కాపాడదు. పైగా ఫ్రీక్వెన్సీ 'తెలిసినదే' అని గుర్తు పడితే ఆ అడుగే ఎత్తేస్తుంది.

కొత్త బోర్డు చేతికొస్తే బూట్ లాగ్‌లో ఆ దిద్దుబాటును చెప్పే 'రిఫైన్డ్' లైన్ ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఎన్‌టీపీ ఆపి, ఇంకో మంచి గడియారంతో పది నిమిషాలు పోల్చండి.